నిదానం ముందు, పానా తరువాత

రోగకారణాన్ని నిర్ణయించే విద్యకు మన పూర్వులు 'నిదానం' అని పేరు పెట్టారు. మాధవ నిదానం పేరు వినని ఆయుర్వేద విద్యార్థి ఉండడు. అదే మాటకు తెలుగు వాడుకలో తొందర లేకపోవడమనే అర్థం కూడా స్థిరపడింది. ఉర్దూలో ఇదే పనిని 'తష్ఖీస్' అంటారు. వ్యక్తి అనే అర్థం గల 'షఖ్స్' అనే అరబ్బీ మాటకు అది చుట్టం. గుంపులోనుంచి ఒక్కదాన్ని వేరుచేసి, ఇది ఫలానా అని ఆనవాలు పట్టడం దాని తాత్పర్యం. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తొందరపడకుండా కారణాన్ని వేరుచేసి గుర్తించడమనే చక్కని నిర్వచనం ఏర్పడుతున్నది. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ నిర్వచనం విద్యార్థులకు పైసా ఖర్చు లేకుండా లభించిన ఆస్తి. ఐతే దాన్ని ఈ వ్యాసంలో నేను అన్వయించబోయేది మనుషుల జబ్బులకు కాదు, ఒక పాత మోటారు కారు జబ్బుకు.

తెలుగు పాఠం చెప్పుకునేవానికి ఇంజన్లతో ఏం పని అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మా తమ్ముడు షార్జాలో పాత కార్లను బాగుచేసే ఒక గ్యారేజిలో పనిచేస్తున్నాడు. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు తన నోటు పుస్తకం ఒకటి నా ముందు పెట్టి, "భాయీజాన్, ఇందులో రాసిన వాక్యాలు సరిగా ఉన్నాయా, కొంచెం దిద్దండి" అని అడిగాడు. దిద్దడానికి కూర్చున్నవాణ్ణి, చదవడంలో పడిపోయాను. ఈ వ్యాసానికి మూలం ఆ పుస్తకమే.

అందులో ఎక్కువ పేజీలు ఆక్రమించుకున్న బండి 1980 నాటి పోర్షె 911 ఎస్‌సి. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తయారైన క్రీడా వాహనం. 3 లీటర్ల, 6 సిలిండర్ల ఇంజను బండి వెనుక భాగంలో ఉంటుంది. దాన్ని చల్లబరచేది నీరు కాదు, గాలి. దీనికి కార్బ్యురేటరు లేదు. దానికి బదులు బాష్ సంస్థ 1973లో ప్రవేశపెట్టిన కె-జెట్రానిక్ అనే ఇంధన ఇంజెక్షన్ పద్ధతి ఉన్నది. నిరంతరం అనే అర్థం గల జర్మన్ మాటలోని మొదటి అక్షరమే ఆ 'కె'. ఇంజను నడుస్తున్నంతసేపూ పెట్రోలు ఆగకుండా చిమ్ముతూనే ఉంటుందన్నమాట. ఫెరారీ 308 జిటిబిఐ, డెలోరియన్ వంటి కార్లలోనూ, ఆ కాలపు వోల్వో, మెర్సిడెస్, ఆడి కార్లు అనేకంలోనూ ఇదే పద్ధతి ఉండేది. కనుక దీన్ని ఒక బండిలో తెలుసుకున్నవాడు పది బండ్లలో తెలుసుకున్నట్లే.

ఐరోపా మార్కెట్టు కోసం తయారైన ఈ కారులో పెట్రోలును కొలిచే కంప్యూటరు ఏదీ లేదు. అంతా మీటలూ, కవాటాలూ, పీడనమూ. ఇంజను పీల్చుకునే గాలి ఒక గుండ్రని పళ్లెం మీదుగా పోవాలి. గాలి ఎంత ఎక్కువగా పోతే పళ్లెం అంత పైకి లేస్తుంది. పళ్లేనికి తగిలించిన మీట, ఇంధనాన్ని పంపకం చేసే పెట్టెలోని సన్నని ప్లంజరును పైకి నెడుతుంది. ప్లంజరు లేచినకొద్దీ దాని చుట్టూ ఉన్న గోడలోని సన్నని చీలికలు తెరుచుకొని, సిలిండరుకొక గొట్టం చొప్పున ఆరు గొట్టాల్లోకి పెట్రోలు పోతుంది. ప్లంజరు తల మీద కూడా కొంత పెట్రోలు పీడనం ఎదురు నొక్కుతూ ఉంటుంది. దీన్ని కంట్రోల్ ప్రెషర్ అంటారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఈ ఎదురు ఒత్తిడి తక్కువ. పళ్లెం సులువుగా లేచి పెట్రోలు ధారాళంగా పోతుంది. ఇంజను వేడెక్కేకొద్దీ వార్మప్ రెగ్యులేటరు అనే భాగంలోని రెండు లోహాల పట్టీ వంగి ఆ ఒత్తిడిని పెంచుతుంది, పెట్రోలు తగ్గుతుంది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ద్విలోహ పట్టీని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు. అది ఇక్కడ ఒక కారుకు ఆకలి ఎంతో నిర్ణయిస్తున్నది.

ఈ పద్ధతిలో మూడు పీడనాలు తెలిస్తే బండి నాడి దొరికినట్లే. ఒకటి పంపు నుంచి వచ్చే మూల పీడనం, సుమారు 5 బార్లు. ఒక బారు అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న వాతావరణపు ఒత్తిడి. రెండోది ఇప్పుడు చెప్పిన కంట్రోల్ పీడనం. ఇంజను పూర్తిగా వేడెక్కాక ఇది సుమారు 3.5 బార్లు ఉండాలి, చల్లని ఇంజనులో అంతకంటె బాగా తక్కువ. కచ్చితమైన అంకె ఏ ఏడాది బండికి ఎంతో మరమ్మతు పుస్తకంలోని పట్టిక చెబుతుంది. మూడోది, ఇంజను ఆపిన తరువాత కూడా గొట్టాల్లో కొంతకాలం నిలిచి ఉండవలసిన పీడనం. పంపకపు పెట్టెకూ వార్మప్ రెగ్యులేటరుకూ మధ్య ఒక గేజిని బిగించి, దాని కవాటాన్ని మూస్తే మొదటిది, తెరిస్తే రెండోది, ఇంజను ఆపి వేచి ఉంటే మూడోది తెలుస్తాయి. ఒక్క గేజి, మూడు సాక్ష్యాలు.

ఇక ఆ కారు కథ. అది మా తమ్ముని గ్యారేజికి రాకముందు మరొక చోట చాలా వైద్యం చేయించుకుంది. యజమాని అక్కడ చెప్పింది ఒకే వాక్యం: "బండి స్టార్ట్ కావడం లేదు." ఆ వాక్యాన్ని పట్టుకొని వారు మొదట వార్మప్ రెగ్యులేటరు మార్చారు. జబ్బు పోలేదు. తరువాత ఆరు ఇంజెక్టర్లూ మార్చారు. చివరకు అన్నిటికంటె ఖరీదైన పంపకపు పెట్టెనే మార్చారు. జబ్బు అలాగే ఉంది. యజమాని జేబు మాత్రం ఖాళీ అయింది.

తమ్ముని ఉస్తాదు కేరళ నుంచి వెళ్లిన పెద్దమనిషి. ఆయన పానా ముట్టలేదు. యజమానిని కూర్చోబెట్టి చాయ్ తెప్పించి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఉదయం స్టార్ట్ అవుతుందా? అవుతుంది. నడిపి ఆపిన వెంటనే మళ్లీ తాళం తిప్పితే? అవుతుంది. మరి ఎప్పుడు కాదు? యజమాని కొంతసేపు ఆలోచించి, "శుక్రవారం జుమాకు మసీదుకు వెళ్లి బయటకు వచ్చేసరికి ప్రతిసారీ మొండికేస్తుంది" అన్నాడు. రెండు మూడు గంటలు ఆగితే మళ్లీ అదే స్టార్ట్ అవుతుందట.

నా దృష్టిలో బండి అక్కడే సగం బాగుపడింది. వేడి ఇంజనును ఆపి అరగంట ఉంచితే, గాలి ప్రసారం ఆగిపోయినందువల్ల దాని వేడి చుట్టూ ఉన్న గొట్టాలకు ఎక్కుతుంది. గొట్టాల్లో పీడనం నిలిచి ఉంటే పెట్రోలు ద్రవంగానే ఉంటుంది. పీడనం జారిపోతే అది ఆవిరై బుడగలు కడుతుంది. తాళం తిప్పినప్పుడు ఇంజెక్టర్ల దగ్గరకు పెట్రోలుకు బదులు ఆవిరి చేరుతుంది. వెంటనే తిప్పితే పీడనం ఇంకా పూర్తిగా జారలేదు, కనుక బాధ లేదు. గంటలు గడిస్తే వేడే ఉండదు, కనుక బాధ లేదు. మధ్యలోని ఆ అరగంటే ప్రమాదకరం. చల్లని ఇంజను జబ్బుకు చూడవలసిన చోట్లు వేరు, ఈ జబ్బుకు చూడవలసిన చోట్లు వేరు. 'స్టార్ట్ కావడం లేదు' అనే వాక్యం ఈ రెండింటినీ ఒకే సంచిలో కట్టి ఇచ్చింది.

తరువాత గేజి బిగించారు. నడిచేటప్పుడు మొదటి రెండు పీడనాలూ పట్టికలో ఉన్నట్లే ఉన్నాయి. ఇంజను ఆపగానే ముల్లు పడిపోవడం మొదలుపెట్టి కొద్ది నిమిషాల్లో సున్నాకు చేరింది. జారిపోయిన పీడనం ఏదో ఒక దారిన పోవాలి. ఇంజెక్టర్లు విప్పి చూస్తే మూతులు పొడిగా ఉన్నాయి. చల్లని ఇంజనుకు అదనపు పెట్రోలు చిమ్మే కవాటమూ పొడిగానే ఉంది. ట్యాంకుకు తిరిగిపోయే గొట్టం విప్పితే అక్కడా చుక్క లేదు. పీడనాన్ని దాచి ఉంచే అక్యుములేటరు పొర చిరగలేదు. మిగిలింది ఒక్కటే: పంపు మూతి దగ్గర బిగించే బొటనవేలంత ఏకముఖ కవాటం. పెట్రోలును ముందుకు పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవడం దాని పని. అది మూసుకోవడం లేదు. మార్చిన మూడు భాగాల్లో ఏ ఒక్కదానికీ ఈ నేరంతో సంబంధం లేదు.

భాగాలు మార్చి చూడడం ఎప్పుడూ తప్పేనని నేను అనడం లేదు. మంచిదని రుజువైన భాగాన్ని అరువు తెచ్చి బిగించి, తేడా గమనించి, తిరిగి ఇచ్చివేయడం కూడా ఒక పరీక్షే. పైగా సాయంత్రంలోగా బండి కావాలని యజమాని నెత్తిన కూర్చుంటే, పాపం మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? కాని కొత్త భాగం కొని బిగించి, ఫలితం లేకపోయినా డబ్బు వసూలు చేసి, మరొక భాగం వైపు చేయి చాచడం పరీక్ష కాదు. అది యజమాని డబ్బుతో ఆడే జూదం.

ఇంతకంటె పెద్ద అపచారం మరొకటి ఆ కారులో కనబడింది. గాలికీ పెట్రోలుకూ మధ్య పాళ్లు సరిచేయడానికి పళ్లెం మీటకు ఒక మర ఉంటుంది. 3 మిల్లీమీటర్ల ఎలెన్ కీతో దాన్ని తిప్పవచ్చు. అన్ని పరీక్షలూ ముగిసి, అన్ని పీడనాలూ సరి అని తేలిన తరువాత, పొగలోని కార్బన్ మోనాక్సైడును యంత్రంతో కొలుస్తూ, రవ్వంత తిప్పవలసిన మర అది. దాన్ని ఎవరో ముందే ఇష్టానుసారం తిప్పేశారు. కవాటం మార్చాక బండి ఏ వేళనైనా స్టార్ట్ అయింది గాని, నల్లని పొగ వదిలింది. ఒక జబ్బు నయమయ్యేసరికి వైద్యుడు అంటించిన రెండో జబ్బు బయటపడింది.

ఈ మర మీద చేయి ఎందుకు పోతుందో చెప్పాలి. పళ్లేన్ని దాటిన తరువాత ఎక్కడైనా పగులు ఉంటే గాలి దొంగదారిన లోపలికి వస్తుంది. ఆ గాలిని పళ్లెం తూచలేదు, కనుక దానికి తగిన పెట్రోలు పోదు. ఇంజను నిలకడ లేకుండా తడబడుతుంది. 911లో ఇంజెక్టర్ల చుట్టూ ఉండే రబ్బరు వలయాలు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి ఇలాంటి దారులిస్తాయి. చల్లని ఇంజను ఎదురుకాల్పు కాల్చినప్పుడు ప్లాస్టిక్ గాలిపెట్టె పగలడం ఈ బండ్లలో ప్రసిద్ధమైన జబ్బు. దీన్ని కనిపెట్టడానికి ఖర్చులేని ఉపాయం ఒకటున్నది. ఇంజను మెల్లగా నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయాలి. ఈ బండిలో ఆయిలు వైపు గాలి ఇంజను పీల్పుతో కలిసి ఉంటుంది గనుక, మూత తీయగానే ఇంజను బాగా తడబడాలి, లేదా ఆగిపోవాలి. ఏ మార్పూ లేకపోతే, అంతకు ముందే ఎక్కడో పెద్ద కన్నం ఉన్నదన్నమాట.

ఆ కన్నాన్ని వెదకడానికి ఓపిక లేనివాడు మర తిప్పి పెట్రోలు పెంచుతాడు. నిలిచి ఉన్నప్పుడు ఇంజను కుదుటపడినట్లే కనబడుతుంది, యజమాని సంతోషంగా వెళతాడు. కాని వేగంగా పోయేటప్పుడు లోపలికి వచ్చే మొత్తం గాలిలో దొంగ గాలి వాటా చాలా కొద్ది. పెంచిన పెట్రోలు మాత్రం అలాగే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, పెట్రోలు వృథా అవుతుంది, సిలిండరు గోడల మీది ఆయిలు కడుక్కుపోతుంది. ఏడాది పొడవునా చదువు ఎక్కడ కారిపోతున్నదో చూడకుండా చివర గ్రేసు మార్కులు కలపడం నాకు ఈ మరను గుర్తుకు తెస్తుంది. ఈ మాటకు కమిటీ పెద్దలు కోపగించరని ఆశిస్తాను, నేనూ కలిపినవాణ్ణే.

జ్వలన వ్యవస్థ చూడకుండా ఇంజెక్షన్ మీద నేరం మోపడం మరొక పొరపాటు. బ్యాటరీ, ప్లగ్గులు, ప్లగ్గు తీగలు, సిలిండర్లలో సంపీడనం, ఇవి సరిగా ఉన్నాయని తేలాకనే ఇంధనం వైపు పోవాలి. తమ్ముని పుస్తకంలో మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో మరొక హెచ్చరిక ఉంది. 5 బార్ల పీడనంలో ఉన్న పెట్రోలు గొట్టాన్ని వేడి ఇంజను మీద అజాగ్రత్తగా విప్పితే అది తుంపరై చిమ్ముతుంది. నిప్పంటుకోవడానికి నిమిషం పట్టదు. ఇంజను చల్లారాలి, గుడ్డ చుట్టి పీడనం వదలాలి, పక్కన అగ్నిమాపకం ఉండాలి, దరిదాపుల్లో బీడీ ఉండకూడదు.

మన దేశంలో ఇలాంటి పాత కార్లను దాచుకున్నవారికి ఇటీవల ఒక కొత్త చిక్కు వచ్చింది. 2025 నాటికి ఇక్కడి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాలుకు సుమారు 9 పాళ్లు చాలు. పళ్లేనికి గాలిని తూచడమే తెలుసు, పెట్రోలులో ఏం కలిసిందో తెలియదు. అందుచేత పాత లెక్కకు అమర్చిన బండికి ఇంధనం కొరత పడుతుంది. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ తేమ ఉక్కు భాగాలకు తుప్పు పట్టిస్తుంది, ఆ కాలపు రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. తడబడుతున్న బండిని చూసి మర తిప్పడానికి ముందు, ట్యాంకులో ఏమున్నదో, ఎన్నాళ్లుగా ఉన్నదో అడగడం కూడా నేడు నిదానంలో భాగమే.

ఇదంతా పాత కథ, నేటి బండ్లలో కంప్యూటరే జబ్బు చెబుతుంది కదా అని కొందరు విద్యార్థులు నాతో వాదించారు. అమెరికాలో 1996 నుంచి అమ్మే కార్లన్నిటిలో జబ్బులను సంకేత సంఖ్యలుగా చెప్పే ఏర్పాటు తప్పనిసరి అయింది. మన దేశంలోనూ ఇప్పుడు ఉన్నది. ఐతే ఆ యంత్రం ఏం చెబుతుంది? ఉదాహరణకు పి 0171 అనే సంఖ్యకు అర్థం, గాలితో పోలిస్తే ఇంధనం తక్కువైందని. ఎందుకు తక్కువైందో అది చెప్పదు. గొట్టం పగిలి ఉండవచ్చు, పంపు నీరసించి ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సరుకు మురికి పట్టి ఉండవచ్చు. సంఖ్య చూసి ఆక్సిజన్ సెన్సరు మార్చేవాడు, 1980 నాటి కారుకు పంపకపు పెట్టె మార్చినవాని తమ్ముడే. యంత్రం చెప్పేది లక్షణం. పూర్వం హకీము నబ్జు పట్టి చూసేవాడు, ఖారూరా చూసేవాడు. ఆ తరువాత రోగిని మాట్లాడించేవాడు.

ఇప్పుడు భాషోపాధ్యాయునిగా నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను. ఆ కారుకు జరిగిన నష్టమంతా ఒక అసంపూర్ణ వాక్యంతో మొదలైంది. ఎప్పుడు, ఎంతసేపటికి, వేడిగా ఉన్నప్పుడా చల్లగా ఉన్నప్పుడా, నిలిచి ఉన్నప్పుడా పరుగులోనా అనే నాలుగు ప్రశ్నలకు జవాబు లేని వాక్యం అది. మన కళాశాల చుట్టుపక్కల మెకానిక్ సోదరుల దగ్గర మాటలకు కొదవ లేదు. మిస్సింగ్ కొట్టడం వేరు, పికప్ లేకపోవడం వేరు, గాలి పట్టడం వేరు, రేసు దానంతట అదే పెరిగి తగ్గడం వేరు. ప్రతి మాటా ఒక లక్షణం. ఇవి నోటి మీద ఉన్నాయి గాని కాగితం మీదికి రాలేదు. జాబ్ కార్డు మీద మాత్రం 'ఇంజను పని' అని రెండు మాటలు రాసి ఊరుకుంటారు.

మన విద్యార్థుల్లో అనేకులు చదువు ముగియగానే, కొందరు ముగియకముందే, గ్యారేజీలకు, గల్ఫు దేశాలకు వెళుతున్నారు. తమ్ముడు చెప్పిన ఒక మాట నన్ను ఎక్కువగా కలచివేసింది. అక్కడ మనవాళ్లు చేతిపనిలో ఎవరికీ తీసిపోరట. కాని యజమాని చెప్పింది రాసుకోవడం, చూసిన అంకెను నమోదు చేయడం, ఏ పరీక్ష తరువాత ఏ పరీక్ష చేశామో వరుసగా చెప్పడం రానందువల్ల పదేళ్లయినా హెల్పర్లుగానే మిగిలిపోతున్నారట. తమ్ముడు కూడా ఆరేళ్లు హెల్పరే. ఉస్తాదు వానికి ఈ నోటు పుస్తకం కొనిచ్చి, రోజూ ఒక పేజీ రాయించిన తరువాతనే గేజి చేతికి ఇచ్చాడు.

అందుచేత కమిటీ పెద్దలకు నా మనవి రెండు విషయాలు. గ్రంథాలయంలో కావ్యాలకూ నిఘంటువులకూ పక్కన మోటారు మరమ్మతు పుస్తకాలకు ఒక అలమర కేటాయించండి. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక పీడన గేజి, ఎక్కడైనా తక్కువ ధరకు దొరికే పాత ఇంజను ఒకటి కొనండి. రెండవది, తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కలిసి మెకానిక్కుల నోటి మాటలను సేకరించి, ఏ మాట ఏ లక్షణాన్ని చెబుతుందో రెండు లిపుల్లోనూ రాసిపెట్టే పని ఈ సంవత్సరమే ప్రారంభించడానికి అనుమతించండి. ప్రాచీన పద్యాల్లో అప్రసిద్ధ పదాలకు అర్థాలు వెదికే శ్రమలో నాలుగో వంతు దీనికి చాలు.

తమ్ముని అనుమతితో ఆ నోటు పుస్తకానికి నకలు తీయించి గ్రంథాలయంలో ఇచ్చాను. కొన్ని పేజీల మీద పెట్రోలు మరకలున్నాయి, అక్షరదోషాలూ ఉన్నాయి. నేను దిద్దింది అక్షరాలనే. అంకెల జోలికి పోలేదు.